ఇద్దరి టెంట్ ఎంత తేలికగా ఉండాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వీపున సామాను మోసుకుంటూ రోజుల తరబడి నడిచేవారు ఇద్దరికి సరిపోయే తేలికపాటి టెంట్‌ను ఎలా ఎంచుకోవాలన్న విషయమై వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాము. ఒకే సంగతిని అడిగిన ఉత్తరాలను ఒకటిగా కలిపాము.

ప్రశ్న: నేనూ నా స్నేహితుడూ మూడు నాలుగు రోజుల కాలినడక యాత్రలకు వెళ్తుంటాము. ఇన్నాళ్లూ 3.2 కిలోల టెంట్ మోశాము. ఇప్పుడు తేలికైనది కొనాలని చూస్తే ఒక్కో టెంట్‌కు రెండు మూడు బరువులు రాసి ఉంటున్నాయి. వాటిలో దేన్ని నమ్మాలి? ఎంత బరువు దాకా దిగవచ్చు?

జవాబు: ముందు ఆ అంకెల సంగతి చూద్దాము. ‘కనీస బరువు’ అనో ‘ట్రైల్ బరువు’ అనో రాసినదానిలో సాధారణంగా మూడు వస్తువులే ఉంటాయి: లోపలి గది, దాని మీద కప్పే ఫ్లై అనే బయటి పొర, వాటిని నిలబెట్టే పోల్స్ అనే కడ్డీలు. మేకులు, కట్టుతాళ్లు, సంచులు అందులో చేరవు. ‘ప్యాక్ బరువు’ అంటే టెంట్‌తో పాటు వచ్చిన సమస్తాన్నీ కలిపి తూచినది. కొన్ని సంస్థలు ‘ఫాస్ట్ ఫ్లై’ బరువని ఇంకొకటి ఇస్తాయి. లోపలి గదిని ఇంటి దగ్గర వదిలేసి, పోల్స్ మీద ఫ్లైని మాత్రమే నిలబెట్టి, కింద ఒక పట్టా పరచుకున్నప్పటి లెక్క అది. దోమలూ పురుగులూ ఉన్నచోట దానితో పని లేదు. మేకులు లేకుండా ఏ టెంటూ గాలికి నిలవదు కాబట్టి, ‘కనీస బరువు’ అన్నది నిజానికి ఎవరూ మోయని బరువు. ఒక్కొక్కటి 12 గ్రాముల చొప్పున పది మేకులు వేసుకుంటేనే 120 గ్రాములవుతాయి. తాళ్లూ సంచులూ కలిస్తే రెండు వందల గ్రాముల తేడా రావటం మామూలే. అందువల్ల ఎప్పుడూ ప్యాక్ బరువును ప్యాక్ బరువుతోనే పోల్చండి. కొన్న తరువాత ఇంట్లో తూకం వేసి చూసుకోవటం కూడా మంచిది.

ఇక ఎంత దాకా దిగవచ్చునన్నది అసలు ప్రశ్న. మీరు బరువును ఇద్దరు పంచుకుంటారు. 3.2 కిలోల నుంచి 1.7 కిలోలకు దిగితే ఒక్కొక్కరి వీపు మీద 750 గ్రాములు తగ్గుతాయి. దీనికి మీరు ఎక్కువ డబ్బు పెట్టాల్సి వస్తుందేమో గానీ, సౌకర్యంలోనూ రక్షణలోనూ పెద్దగా వదులుకునేది ఏమీ ఉండదు. అదే 1.7 నుంచి 1.2కు దిగితే ఒక్కొక్కరికి తగ్గేది 250 గ్రాములు, అంటే పావు లీటరు నీటి బరువు. ఈ రెండో మెట్టులో తయారీదారు గుడ్డను పలచన చేసి ఉంటాడు, లేదా పాదాల వైపు నేలను ఇరుకు చేసి ఉంటాడు, లేదా రెండో తలుపు తీసేసి ఉంటాడు, కాకపోతే పోల్స్‌నే లేకుండా చేసి ఉంటాడు. వీటిలో ఏదీ మోసం కాదు. అయితే టెంట్ నుంచి తీసేసిన ప్రతిదాన్నీ వాడేవారు తమ నేర్పుతో పూడ్చుకోవాలి. పలచని నేలకు రాళ్లూ ముళ్లూ ఏరివేసిన చోటు వెతకాలి, పోల్స్ లేని టెంట్‌కు మేకు దిగే మట్టి వెతకాలి, గాలి ఎటు నుంచి వస్తుందో చూసి దిక్కు ఎంచాలి. సాయంత్రం అలసిపోయి, చీకటి పడుతుండగా, వాన మొదలైన వేళ ఆ నేర్పు చేతికి అందుతుందా అన్నది మీకు మీరే వేసుకోవలసిన ప్రశ్న.

నా అభిప్రాయం అడిగితే, తొలిసారి తేలికపాటి టెంట్ కొనే ఇద్దరికి ప్యాక్ బరువు 1.5 నుంచి 1.9 కిలోల మధ్య ఉండి, లోపలి గదీ ఫ్లై వేర్వేరుగా ఉండి, సొంత పోల్స్ మీద నిలబడే టెంట్ సరైనది. రెండు తలుపులు ఉండటాన్ని నేను విలాసంగా చూడను. ఒకే తలుపు ఉన్న టెంట్‌లో అర్ధరాత్రి లేచినవారు తోటివారిని దాటుకుంటూ వెళ్లాలి; పైగా రెండు తలుపులంటే రెండు వసారాలు, అంటే ఇద్దరి తడి బూట్లకూ సంచులకూ వేర్వేరు చోట్లు. ఇద్దరి మధ్య స్నేహం నిలవటానికి ఆ అదనపు జిప్పు చేసే మేలు వంద గ్రాముల కన్నా ఎక్కువే.

మోసేటప్పుడు ఒకరు ఫ్లై, పోల్స్ తీసుకుంటే మరొకరు లోపలి గది, మేకులు తీసుకోవచ్చు. పోల్స్‌ను సంచి పక్కన నిలువుగా పెట్టి, గుడ్డలను టెంట్ గొట్టపు సంచిలో కుక్కకుండా విడిగా సర్దితే వీపు సంచిలోని ఖాళీలన్నీ నిండుతాయి. తడిసిన ఫ్లైని మాత్రం పొడి గదితో కలపకుండా వేరే సంచిలో పెట్టాలి.

ప్రశ్న: నా భర్త ఎత్తు 188 సెంటీమీటర్లు. మా ఇద్దరివీ వెడల్పు స్లీపింగ్ ప్యాడ్లు, అంటే కింద పరచుకునే పరుపులు. ‘ఇద్దరికి’ అని రాసి ఉన్న టెంట్ మాకు సరిపోతుందా, లేక ముగ్గురిది కొనాలా?

జవాబు: ‘ఇద్దరికి’ అన్న మాటకు అర్థం రెండు మామూలు ప్యాడ్లు పక్కపక్కన పడతాయని మాత్రమే. మామూలు ప్యాడ్ వెడల్పు 51 సెంటీమీటర్లు, రెండు కలిపి 102. వెడల్పు రకం 64 సెంటీమీటర్లు, రెండు కలిపి 128. తేలికపాటి టెంట్లలో చాలావాటి నేల తల వైపు 130 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉండి, పాదాల వైపు 107 దాకా కుంచించుకుపోతుంది. మీ ప్యాడ్లు దీర్ఘచతురస్రాకారంలో ఉంటే తల దగ్గర బొటాబొటీగా పట్టి, పాదాల దగ్గర ఒకదాని మీదకు ఒకటి ఎక్కుతాయి. కాళ్ల వైపు సన్నబడే ఆకారంలో ఉంటే ఇబ్బంది తక్కువ. కాబట్టి వివరాల పట్టికలో ఒక్క వెడల్పు మాత్రమే ఇచ్చి ఉంటే అది ఏ వైపుదో అడిగి తెలుసుకోండి.

పొడవు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. పడుకున్నప్పుడు పాదాలు చాచుకుంటాయి, స్లీపింగ్ బ్యాగ్ మందం రెండు చివరలా కలుస్తుంది. 188 సెంటీమీటర్ల మనిషికి సుమారు 208 సెంటీమీటర్లు కావాలి. నేల పొడవు 213 అని చూసి సరిపోతుందనుకుంటాము గానీ, మనిషి నేల మీద పడుకోడు, 8 సెంటీమీటర్ల ప్యాడ్ మీద పడుకుంటాడు, ఆ పైన బ్యాగ్ ఉబ్బు ఉంటుంది. గోడలు లోపలికి వాలుతూ వచ్చే టెంట్‌లో ఆ ఎత్తుకు చేరేసరికి మిగిలిన ఆ కాస్త జాగా కూడా పోయి, బ్యాగ్ చివర గోడకు ఆనుతుంది. ఆనిన చోట తెల్లారేసరికి తడి ఉంటుంది. పొడగరులకు నేల 224 సెంటీమీటర్లయినా ఉండాలి, లేదా తల, పాదాల వైపు గోడలు దాదాపు నిటారుగా లేవాలి. కూర్చునే ఎత్తు విషయంలోనూ ఇంతే: నడిమి ఎత్తు 100 సెంటీమీటర్లని రాసి ఉన్నా, అది ఒక్క బిందువు దగ్గరేనా, లేక ఇద్దరూ ఒకేసారి కూర్చునేంత మేర ఉందా అన్నది ముఖ్యం. వీలైతే కొనబోయే టెంట్‌ను నిలబెట్టించి, మీ ప్యాడ్లతోనే అందులో పడుకుని చూడండి.

మీ వివరాలను బట్టి మీకు ముగ్గురి టెంటే మంచిదని చెబుతాను. అదే నమూనాలో ఇద్దరిదానికీ ముగ్గురిదానికీ తేడా సాధారణంగా 300 నుంచి 500 గ్రాములు ఉంటుంది, అంటే మీలో ఒక్కొక్కరికి గరిష్ఠంగా పావు కిలో. అయితే దాన్ని వేయటానికి పెద్ద చదును కావాలి. ఇరుకైన కొండ అంచుల మీద మకాం వేసేవారికి అది సులభంగా దొరకదు.

ప్రశ్న: చేతికర్రల మీద నిలబడే టెంట్ కొనమని ఒక అనుభవజ్ఞుడు సలహా ఇచ్చాడు. ఒకే పొర గుడ్డ, బరువు ముప్పావు కిలో కన్నా తక్కువ. మేము వెళ్లే దారుల్లో రాతి నేల ఎక్కువ. అది మాకు తగునా?

జవాబు: ఇందులో రెండు వేర్వేరు నిర్ణయాలు కలిసిపోయి ఉన్నాయి. కర్రల మీద నిలబడటం ఒకటి, ఒకే పొర కావటం ఇంకొకటి. కర్రల మీద నిలబడుతూనే రెండు పొరలున్న టెంట్లు కూడా దొరుకుతాయి.

ఇద్దరి టెంట్‌లో అల్యూమినియం పోల్స్ బరువే సుమారు 400 గ్రాములు ఉంటుంది. నడకకు ఎలాగూ చేతికర్రలు తెచ్చుకునేవారికి ఆ బరువు మొత్తం ఆదా అవుతుంది. ఇది నిజమైన ఆదా. కానీ ఆ టెంట్ ఆకారం తాళ్ల బిగింపులో ఉంటుంది, బిగింపు మేకుల్లో ఉంటుంది. మేకు దిగని రాతి పలక మీద దాన్ని నిలబెట్టాలంటే, తాడు చివర ఒక పుల్లకు ముడివేసి, పుల్లను పెద్ద రాయి వెనక్కు తోసి, దాని మీద ఇంకో రాయి ఎత్తాలి. ఇలా నాలుగు నుంచి ఎనిమిది చోట్ల చెయ్యాలి. చేతనైనవారు పది నిమిషాల్లో చేస్తారు, కొత్తవారు అరగంట తంటాలు పడతారు. ఇంకో చిక్కు కూడా ఉంది: టెంట్‌ను అలాగే ఉంచి శిఖరం దాకా వెళ్లి రావాలనుకుంటే కర్రలు టెంట్‌లోనే ఉండిపోతాయి. మీ కర్రలు ఆ టెంట్ కోరిన ఎత్తుకు, అంటే చాలావాటికి 115 నుంచి 125 సెంటీమీటర్ల దాకా, సాగుతాయో లేదో కూడా చూసుకోవాలి. మడత కర్రల్లో కొన్నింటి పొడవు మారదు, అవి సాగవు.

‘సగం సొంతంగా నిలబడే’ రకం మధ్యేమార్గంగా కనిపిస్తుంది. దానికి పోల్స్ ఉంటాయి గానీ పాదాల వైపు రెండు మూలలకు మేకులు తప్పవు. రాతి నేల మీద రెండు మూలలను రాళ్లతో లాగి కట్టటం ఎనిమిది చోట్ల కట్టటం కన్నా ఎంతో నయం.

ఒకే పొర విషయంలో నేను కాస్త గట్టిగానే చెబుతాను. నిర్మలమైన ఆకాశం కింద రాత్రిపూట ఫ్లై తన వేడిని ఆకాశానికి వదిలి, చుట్టూ ఉన్న గాలి కన్నా చల్లబడుతుంది. మన ఊపిరిలోని తేమ, నేల నుంచి లేచే తేమ ఆ చల్లని గుడ్డను తాకి నీటి బిందువులవుతాయి. రెండు పొరల టెంట్‌లోనూ ఇది జరుగుతుంది. కాకపోతే ఆ నీరు ఫ్లై లోపలి వైపున ఆగి, మధ్యలో ఉన్న జాలీ గుడ్డ మిమ్మల్ని దాని నుంచి దూరంగా ఉంచుతుంది. ఒకే పొర అయితే మోచెయ్యి తగిలిన చోటల్లా తడే. ఒక్కరు పడుకునే టెంట్‌లో దీన్ని ఓర్చుకోవచ్చు. ఇద్దరున్నప్పుడు ఊపిరి తేమ రెట్టింపు, గోడకు ఆనకుండా తప్పుకునే చోటు సగం. నది ఒడ్డునా లోయ అడుగునా మకాం వేయకుండా కాస్త ఎత్తున, వీలైతే చెట్ల కింద వేసి, పైనా కిందా గాలి మార్గాలు తెరిచి ఉంచితే చాలా తగ్గుతుంది, పూర్తిగా పోదు. పొద్దున తుడవటానికి ఒక చిన్న గుడ్డ దగ్గర ఉంచుకోవాలి.

రాతి నేల ఎక్కువన్నారు, కొత్తగా కొంటున్నారు. కాబట్టి మీ ఇద్దరికీ ఆ సలహా ఇప్పటికి తగదు.

ప్రశ్న: గుడ్డ గురించి 15 డెనియర్, 1,200 మిల్లీమీటర్లు వంటి అంకెలు రాస్తారు. ఎక్కువ అంకె ఉంటే మంచిదనే అనుకోవాలా? నైలాన్, పాలియెస్టర్, డైనీమా వీటిలో ఏది మేలు?

జవాబు: 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే దాని డెనియర్. 10 డెనియర్ దారం చాలా సన్నం, 70 డెనియర్ మోటు. తేలికపాటి టెంట్లు 10 నుంచి 30 మధ్య ఉంటాయి. కానీ బలాన్ని ఈ అంకె ఒక్కటే చెప్పదు. నేతలో దారాల సాంద్రత, మీద పూసిన పూత కూడా అంతే ముఖ్యం. రెండు వైపులా సిలికాన్ పూసిన గుడ్డ చిరుగుకు బాగా నిలుస్తుంది, పాలీయూరిథేన్ పూత చిరుగు బలాన్ని కొంత తగ్గిస్తుంది. మరి పాలీయూరిథేన్ ఎందుకు వాడతారంటే, కుట్ల నుంచి నీరు కారకుండా వేసే టేపు దాని మీద అంటుతుంది. సిలికాన్ మీద మామూలు టేపు అంటదు కాబట్టి, అటువంటి టెంట్ల కుట్లకు కొన్నవారే సిలికాన్ జిగురు రాసుకోవలసి రావచ్చు. ఈ సంగతి కొనేముందే అడగాలి.

మిల్లీమీటర్ల అంకె అంటే గుడ్డ మీద ఎంత ఎత్తు నీటి స్తంభం నిలబెడితే కారటం మొదలవుతుందన్నది. 1,200 మిల్లీమీటర్లంటే చదరపు సెంటీమీటరుకు 120 గ్రాముల ఒత్తిడి. పై నుంచి పడే వానకు, గుడ్డ బిగువుగా ఉంటే, అది చాలును. నేల సంగతి వేరు: మోకాలి మీద 30 కిలోల భారం 60 చదరపు సెంటీమీటర్ల మేర పడితే, చదరపు సెంటీమీటరుకు 500 గ్రాములవుతుంది. ఆ లెక్కన నీరు నిలిచిన చోట 3,000 మిల్లీమీటర్ల నేల కూడా మోకాలి కింద ఓడిపోతుంది. భారాన్ని పలచగా పరిచే ప్యాడ్, నీరు నిలవని చోటు మిమ్మల్ని కాపాడినంతగా ఆ అంకె కాపాడదు. ఫ్లైకి 1,200, నేలకు దాని కన్నా కాస్త ఎక్కువ ఉంటే చాలు. అంతకు మించి వేలల్లో ఉన్న అంకెల కోసం బరువు మోయవలసిన పని లేదు.

నైలాన్ బలమైనది గానీ తడిస్తే నీరు పీల్చి సాగుతుంది. సాయంత్రం బిగించిన ఫ్లై రాత్రి వానలో వేలాడి లోపలి గదికి అంటుకుంటుంది, లేచి తాళ్లు మళ్లీ బిగించాలి. పాలియెస్టర్ అంతగా సాగదు, ఎండకు కూడా మెరుగ్గా నిలుస్తుంది. అయితే అదే బరువులో చిరుగు బలం కొంత తక్కువ. ఎత్తయిన కొండల మీద ఎండ తీవ్రతకు ఏ గుడ్డ అయినా మెల్లగా పెళుసుబారుతుంది, అందుకే పగలంతా టెంట్‌ను ఎండలో నిలబెట్టి ఉంచవద్దని చెబుతారు. డైనీమా పొరల గుడ్డ పందెపు పడవల తెరచాపల నుంచి వచ్చినది. నీరు పీల్చదు, సాగదు, చాలా తేలిక. కానీ ఖరీదు చాలా ఎక్కువ, మడిస్తే లావుగా ఉంటుంది, మొనదేలిన వాటికీ రాపిడికీ త్వరగా లొంగుతుంది, కొన్ని రంగుల్లో లోపలివారు బయటికి మసకగా కనిపిస్తారు. నెలల తరబడి నడిచేవారికి అది పనికొస్తుంది. ఏడాదికి రెండు మూడు యాత్రలు చేసేవారు ఆ డబ్బుతో మంచి స్లీపింగ్ బ్యాగ్ కొనుక్కోవటం మేలు.

పోల్స్ గురించి మీరు అడగలేదు గానీ, గుడ్డ కన్నా ముందు ఇబ్బంది పెట్టేది అవే. అల్యూమినియం పోల్ గాలికి ముందు వంగుతుంది, కార్బన్ పోల్ ఒక్కసారిగా విరుగుతుంది, ఫైబర్‌గ్లాస్ బరువు ఎక్కువ, విరిగితే చీలికలు గుచ్చుకుంటాయి. ఏది కొన్నా, విరిగిన చోట తొడిగే చిన్న గొట్టం ఒకటి వెంట ఉంచుకోండి. గాలి ఎక్కువగా ఉండే చోట్లకు వెళ్లేవారు పోల్స్ ఒకదానినొకటి ఎన్నిచోట్ల దాటుతున్నాయో కూడా చూడాలి. 1975లో నార్త్ ఫేస్ సంస్థ అమెరికన్ వాస్తుశిల్పి బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ గోపురాల సూత్రంతో తెచ్చిన ‘ఓవల్ ఇంటెన్షన్’ టెంట్ నాటి నుంచీ ఈ సూత్రం మారలేదు. దాటే చోట్లు పెరిగితే టెంట్ గట్టిపడుతుంది, బరువూ పెరుగుతుంది.

ప్రశ్న: నేల కింద వేసే పట్టా తప్పనిసరా? వాన పడుతున్నప్పుడు వసారాలో స్టవ్ వెలిగించవచ్చా?

జవాబు: పట్టా తప్పనిసరి కాదు. 20 డెనియర్ లేదా అంతకు మించిన నేలకు, చోటును చేత్తో తడిమి శుభ్రం చేసుకునే అలవాటు ఉంటే చాలు. 10 లేదా 15 డెనియర్ నేలకైతే వేయమనే చెబుతాను. టెంట్‌తో జతగా అమ్మేది కొనకుండా సన్నని ప్లాస్టిక్ షీటును కత్తిరించుకోవచ్చు. అది టెంట్ నేల కన్నా అన్ని వైపులా కొద్దిగా చిన్నదిగా ఉండాలి. అంచు బయటికి వస్తే ఫ్లై మీది నుంచి జారిన వాన నీరంతా దాని మీద చేరి మీ కిందికే వస్తుంది.

స్టవ్ వెలిగించవద్దు. ఈ గుడ్డలు క్షణాల్లో కరిగి నిప్పంటుకుంటాయి, మూసిన చోట స్టవ్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు.

ప్రశ్న: ఒకరు తమ పాత తేలికపాటి టెంట్‌ను తక్కువకు ఇస్తామంటున్నారు. చిరుగులేమీ లేవు గానీ, లోపలి వైపు గుడ్డ కొంచెం జిగురుగా తగులుతోంది, ఒక రకమైన పుల్లని వాసన వస్తోంది. ఉతికితే పోతుందా?

జవాబు: పోదు. అది మురికి కాదు, పాలీయూరిథేన్ పూత తేమతో రసాయనికంగా విచ్ఛిన్నం అవుతున్న లక్షణం. తడిగా మడిచి దాచటం వల్ల, వేడీ ఉక్కా ఉన్న గదిలో ఉంచటం వల్ల ఇది త్వరగా వస్తుంది. ఒకసారి మొదలైతే ఆగదు. జిగురు కొంతకాలానికి పొరలుగా ఊడుతుంది, అక్కడి నుంచి నీరు కారుతుంది. కొందరు పాత పూతను పూర్తిగా తొలగించి, పలచబరచిన సిలికాన్‌ను మళ్లీ పూస్తారు. పని ఎక్కువ, ఫలితం అన్నిసార్లూ ఒకేలా ఉండదు. జిగురు నేలకు మాత్రమే ఉండి, ఫ్లై పొడిగా, కుట్ల టేపు ఊడకుండా ఉంటే, ఫ్లై, పోల్స్ కోసం చాలా తక్కువకు తీసుకోవటంలో అర్థం ఉంది. ఫ్లైకి కూడా జిగురు ఉంటే తీసుకోవద్దు.

ఏ పాత టెంట్‌నైనా పూర్తిగా నిలబెట్టించి చూడండి. ఫ్లైని వెలుతురుకు ఎత్తి సూది రంధ్రాలు వెతకండి. ఎక్కువ ఎండ తగిలే పై భాగాన్ని రెండు బొటనవేళ్ల మధ్య మెల్లగా లాగి, గుడ్డ పెళుసుబారిందేమో గమనించండి. పోల్స్ లోపలి సాగుతాడు ఇంకా బిగువుగా ఉందా, కొసలు పగిలి ఉన్నాయా, జిప్పు లాగినప్పుడు వెనక పళ్లు విచ్చుకుంటున్నాయా చూడండి. సాగుతాడు మార్చటం తేలిక, జిప్పును లాగే ముక్కనూ మార్చుకోవచ్చు; ఎండకు పెళుసుబారిన గుడ్డను మాత్రం ఎవరూ బాగుచేయలేరు. మీరు కొన్న తరువాత దాన్ని యాత్ర నుంచి రాగానే నీడలో పూర్తిగా ఆరబెట్టి, దాని గొట్టపు సంచిలో కుక్కకుండా వదులైన నూలు సంచిలో, చల్లని పొడి చోట ఉంచండి.